ప్రత్యక్ష కథనం

ఆగస్టు 18, ఆదివారం

నా బిడ్డ దీపిక నర్సింగ్ నోట్‌బుక్కులో వెనక సగం ఖాళీగా ఉంది. అందులో రాస్తున్నాను. ముందు సగంలో గుండె బొమ్మ, కిడ్నీ బొమ్మ. వెనక సగం నాది.

ఇవాళ మధ్యాహ్నం ఆయన ముగ్గురిని భోజనానికి పిలిచాడు. ఇద్దరు గ్రానైట్ ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసేవాళ్ళు. మూడో మనిషి రాయమల్లు, బహ్రెయిన్‌లో పన్నెండేళ్ళు ఆయనతో ఒకే గదిలో ఉన్నవాడు. శ్రావణమని మాంసం లేదు. పొద్దున ఆరింటి నుంచి నిలబడి బగారన్నం, వంకాయ కూర, గారెలు చేశాను. తింటూ తింటూ రాయమల్లు అడిగాడు.

"మీ తమ్ముడు పరశురాములు మంచిగున్నడానే శ్యాంసుందర్?"

"మాటల్లేవు. అవ్వ పోయిన కాడికెల్లి లేవు."

"ఆరేండ్లాయె గదనే. ఇంకెన్నొద్దులు గిట్ల? కలువుండ్రి."

ఆయన గారె కొరుకుతూ గడ్డంతో నా వైపు చూపించాడు. "ఎట్ల కలుస్తం? నడుమ గీమె ఉన్నది గద. మా ఇంట్ల ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసేది గీమెనే. గీమె మోసిన మాట మోసినట్టు ఉండది."

ముగ్గురూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. "చెల్లె బాలలక్ష్మి గట్లాంటిది గాదు తియ్" అన్నాడు రాయమల్లు నా వైపు చూసి, నవ్వు ఆపుకోకుండానే. నేను అందరికీ పెరుగు వేశాను. రాయమల్లుకు రెండోసారి కూడా వేశాను.

పెళ్ళయి ఇరవై రెండేళ్ళు.

ఆగస్టు 19, సోమవారం

రాఖీ సెలవు. ఆయనకు ఆ మాట అన్నట్టు కూడా గుర్తులేదు. చాయ్ అడిగాడు. ఇచ్చాను.

ఆగస్టు 20, మంగళవారం

ఎనిమిదో తరగతికి ఇవాళ ప్రత్యక్ష, పరోక్ష కథనాలు చెప్పాను. ఒకరు అన్న మాటను అన్నట్టే రాస్తే ప్రత్యక్షం. ఆ మాటను మన మాటల్లోకి మార్చి చెబితే పరోక్షం. బోర్డు మీద ఉదాహరణ రాస్తూ రాస్తూ ఆగిపోయాను. పెళ్ళయినప్పటి నుంచి నేను చేస్తున్న పని ఇదే కదా అనిపించింది.

అత్తమ్మ యాదవ్వ "వాడు ఇంటికొచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే" అంటే, నేను ఆయనతో "అవ్వ నీ కోసం ఎదురుచూస్తున్నది" అన్నాను. ఆయన బహ్రెయిన్ నుంచి శుక్రవారం ఫోన్ చేసి "దానికి మార్కులు తక్కువస్తే బడి మాన్పియ్యి, మిషన్ నేర్సుకుంటది" అంటే, దీపికతో "నువ్వు మంచిగ చదవాలన్నడు బాపు" అన్నాను. దీపిక ఫోను దగ్గరికి రానని మంచం కింద దూరితే, "నీ ఫోటో పక్కల పెట్టుకొని పడుకున్నది" అన్నాను. ఫోటో ఏమీ లేదు. దీపికకు ఐదేళ్ళున్నప్పుడు వెళ్ళిన మనిషి, దానికి పదిహేడేళ్ళప్పుడు కరోనాలో తిరిగి వచ్చాడు. వచ్చి నాలుగేళ్ళయింది. ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉండి ఇద్దరూ నాతోనే మాట్లాడతారు. "దానికి చెప్పు." "బాపుకు చెప్పమ్మా."

ఇదీ నేను చేసిన నేరం.

ఇక నుంచి ప్రత్యక్షమే. ఎవరి మాట వాళ్ళకు, తీపి కలపకుండా, కారం తియ్యకుండా అందిస్తాను. ఈ ఇల్లు ఎన్ని రోజులు నిలబడుతుందో చూస్తాను.

తమ్ముడి సంగతి కూడా రాసి పెట్టుకుంటాను. పరశురాములు ఈ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తప్పైందని అనలేదు. అన్నదమ్ములు కలవకపోతే అది వాళ్ళ మొండితనం. నేను కాదు కారణం.

ఆగస్టు 25, ఆదివారం

దీపికకు ఆదిలాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. దవాఖానలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సు. కాగితం తెచ్చి నాకే చూపించింది. "బాపుకు చెప్పమ్మా" అంది. బాపు పది అడుగుల దూరంలో, వరండాలో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు.

వెళ్ళి చెప్పాను. ఆయన తలెత్తలేదు.

"ఆదిలాబాదా? ఏం అవుసరం లేదు. పోతే మల్ల గీ గడప తొక్కొద్దని చెప్పు."

ఇదివరకైతే నేను లోపలికి నడిచే ఆ పది అడుగుల్లోనే మాట మారిపోయేది. "బాపుకు బుగులైతున్నదే, దూరం గద" అయ్యేది. ఇవాళ మారలేదు. దీపిక ముందు నిలబడి, పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పాను.

"పోతే మల్ల గీ గడప తొక్కొద్దన్నడు మీ బాపు."

"గట్లనే అన్నడా?"

"గట్లనే."

అది చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. నేను అక్కడ ఆగవచ్చు. ఆగలేదు. "నువ్వేమంటవో చెప్పు, పోయి చెప్త" అన్నాను.

"అయితే చెప్పు. బహ్రెయిన్‌కు పోయేటప్పుడు నన్నడిగి పోయిండా? రెండో తరగతిల నాకు జొరమొచ్చి పదిరోజులు దవాఖానల ఉంటే వచ్చిండా? నాకు బాపంటే శుక్రారం మోగే ఫోను, గంతే. ఫోనుకు గడప ఉంటదా?"

అది కూడా మోసుకెళ్ళాను. ఒక్క అక్షరం కింద పడనివ్వలేదు. 'శుక్రారం మోగే ఫోను' అన్న దగ్గర ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"గట్లన్నదా అది?"

"అన్నది. నేనేం కలుపలే. మోసిన మాట మోసినట్టే తెచ్చిన."

ఆయన ఆ మాట పట్టుకోలేదు. అన్నానికి లేవలేదు. నేను వడ్డించుకుని, కడుపునిండా తిన్నాను.

ఆగస్టు 27

ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. ఇంత హాయిగా ఎప్పుడూ లేదు.

ఆగస్టు 30, శుక్రవారం

దీపిక వెళ్ళిపోయింది. బస్టాండుకు నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆయన ఇవాళ ఫ్యాక్టరీకి గంట ముందే బయలుదేరాడు.

బస్సెక్కే ముందు దీపిక అంది: "నువ్వు గూడ మారినవ్ అమ్మా."

"ఎట్ల మారిన?"

"ఎన్కట నువ్వు బాపు దిక్కెల్లి ఏదన్న మంచిమాట తెచ్చెటిదానివి."

తెచ్చేదాన్ని కాదే, అల్లేదాన్ని అనబోయాను. డ్రైవరు హారన్ కొట్టాడు.

ఇంటికి వచ్చి దాని గది ఊడ్చాను. ఊడవడానికి ఏమీ లేదు. అన్నీ సర్దుకునే వెళ్ళింది. ఇది ఆయనకు పడ్డ శిక్ష. నాకు కాదు.

సెప్టెంబర్ 2, సోమవారం

మూడు రోజులుగా ఒకటే వాన. బడికి సెలవు. టీవీలో తెగిన రోడ్లు, నిండిన వాగులు. ఆయన ఫ్యాక్టరీకి వెళ్ళలేదు. టీవీ ముందు కూర్చోకుండా నిలబడే చూస్తున్నాడు.

"అది ఫోన్ జేసిందా?"

"నువ్వే అడుగు."

"నీకు జేస్తది గద."

"నాకు జేసింది నా ముచ్చట. నీ ముచ్చట నువ్వడుగు. నేను మోస్తె మాట మోసినట్టు ఉండదాయె."

అప్పుడు చూశాడు నన్ను. గారెల రోజు గుర్తొచ్చినట్టు ముఖంలో కనబడింది. ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. అడిగితే అనేవాడేమో. నేనూ అడగలేదు.

దీపిక నంబరు ఆయన ఫోనులో లేదు. నాలుగేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, బిడ్డ నంబరు లేదు. నా ఫోను తీసి చూసి, వేలితో ఒక్కో అంకె ఎక్కించుకున్నాడు. నేను వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తూ విన్నాను.

"ఆ... నేను... బాపును... తిన్నవా?... ఏం కూర?... వాన ఉన్నదా గాడ?... ఆ... ఆ... సరే మరి."

నిమిషం కూడా కాలేదు. పెట్టేసి, ఫోనును చొక్కాకు తుడిచి జేబులో వేసుకున్నాడు. నవ్వొచ్చింది. నేను చేస్తే అరగంట మాట్లాడుతుంది నా బిడ్డ.

సెప్టెంబర్ 7, వినాయక చవితి

మళ్ళీ చేశాడు. మైకుల మోతకు చెవి మూసుకుని మరీ. మూడు నిమిషాలు.

సెప్టెంబర్ 12, గురువారం

రోజూ సాయంత్రం ఆరింటికి దీపిక డ్యూటీ దిగుతుంది. ఆరుంబావుకు ఆయన ఫోను మోగుతుంది. నాకు మోగాల్సిన ఫోను. నాకు ఆ తర్వాత చేస్తుంది. అప్పటికి దాని మాటలు అయిపోయి ఉంటాయి.

ఇవాళ ఆయన స్పీకర్ పెట్టి మాట్లాడాడు. దీపిక వార్డులో ఒక గోండు ముసలమ్మ ఉందట. తెలుగు రాదు, హిందీ రాదు. సూది గుచ్చనివ్వదు, గంజి తాగదు, గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఎంత నచ్చజెప్పినా వినడం లేదని దీపిక ఏడ్చినంత పని చేసింది.

ఆయన ఫోనును నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు.

"నేను బహ్రెయిన్ పోయిన రెండో ఏడు నా చెయ్యి ఇరిగింది. రాయి జారి పడ్డది. దవాఖానల పండవెట్టిన్రు. నాకు ఎవల మాట సమజ్ కాకపోవు. నేను గూడ గిట్లనే గోడదిక్కు తిరిగి పండుకున్న. గాడ ఫిలిప్పీన్ నర్సు ఉండె. ఆమె సూది గీది ఏం తేలే. కుర్చేసుకొని కూసున్నది. నీ పేరేందని సైగ జేసింది. చెప్పిన. దెబ్బను ముట్టుకొని, గిదాన్ని మీ భాషల ఏమంటరని అడిగింది. నొప్పి అని చెప్పిన. 'నొప్పి శ్యాం? నొప్పి?' అనుకుంట దినాం వచ్చేది. గా ఒక్క మాటతోని నేను నెలరోజులు బతికిన బిడ్డా. నువ్వు ముందుగాల ఆమె పేరడుగు. ఆమె భాషల నొప్పిని ఏమంటరో అడుగు. నువ్వు చెప్పుడు తర్వాత."

"నీ చెయ్యి ఇరిగిందా బాపు? ఏ చెయ్యి?" అంది దీపిక.

ఆ ప్రశ్న నేను అడగాల్సింది. పధ్నాలుగేళ్ళ కింద. ఆ నెలంతా ప్రతి శుక్రవారం ఫోన్ చేసి "మంచిగున్న" అన్నాడు నాతో.

దానికి చెప్పాడు. నాకు చెప్పలేదు.

సెప్టెంబర్ 14

ముసలమ్మ గంజి తాగిందట. నొప్పికి వాళ్ళ భాషలో ఏదో మాట ఉందట. దీపిక ఆయనకు రెండుసార్లు పలికి చూపించింది. ఆయన పలికాడు. ఇద్దరూ నవ్వారు. నాకు సరిగా వినబడలేదు. మళ్ళీ చెప్పమని అడగబుద్ధి కాలేదు.

సెప్టెంబర్ 15, ఆదివారం

పట్టుబడ్డాను.

ఆయన ఫోనులో అంటున్నాడు: "నువ్వు ఐదో తరగతిల ఉన్నప్పుడు ఎర్రబ్యాగు పంపిన సూడు. నువ్వు దాన్ని రెండు దినాలు పక్కలేసుకొని పండుకున్నవట గద."

"ఏ బ్యాగు బాపు? నేను దాన్ని ముట్టలే. కోపానికొచ్చి మూలకు ఇసిరేసిన. నువ్వే నా చిన్నప్పటి జడ రబ్బరు నీ పెట్టెల దాసుకున్నవట, అమ్మ చెప్పింది."

"జడ రబ్బరా? నా దగ్గెరేం లేదు."

ఇద్దరూ నవ్వారు. మళ్ళీ ఇంకొకటి సరిచూసుకున్నారు, అదీ అబద్ధమే. మళ్ళీ ఒకటి. నాలుగోదాని దగ్గర నవ్వు ఆగిపోయింది. ఫోను పెట్టేసి ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఇంకేమేం అల్లినవ్?"

నేను చపాతీ తిప్పుతున్నాను.

"పన్నెండేండ్లు నువ్వు చెప్పిన బిడ్డను మనసుల వెట్టుకొని బతికిన. ఆ బిడ్డ లేనేలేదు. ఆడ అది గూడ గంతే. మాకు ఒకల మొఖం ఒకలకు తెల్వకుంట జేసినవ్. నీ నోట్లెకెల్లి వచ్చిన ఏ మాట నమ్మాలె నేను?"

అబద్ధాలు నేను అల్లాను సరే, కప్పుకున్నది ఎవరు? అందులో వెచ్చగా పడుకుని, ఇప్పుడు లేచి నూలు బాగాలేదంటున్నారు. ఈ మాట అనాల్సింది. చపాతీ మాడిపోయింది. ఆయన వెళ్ళిపోయాడు.

తండ్రీబిడ్డలు ఒకటయ్యారు. నన్ను బయట నిలబెట్టారు. సరే. మోయాల్సిన మాట ఇంకొకటి వస్తుంది. వచ్చినప్పుడు చూస్తాను.

సెప్టెంబర్ 18, బుధవారం

వచ్చింది.

పొద్దున పెద్దపల్లి నుంచి పరశురాములు ఫోన్ చేశాడు. ఏటా పెద్దల అమావాస్య, పెత్రమాస నాడు ధర్మపురిలో గోదావరి ఒడ్డున అత్తమ్మ పేరు మీద బియ్యం ఇస్తారు. తమ్ముడు పొద్దున వెళ్తాడు, ఆయన మధ్యాహ్నం వెళ్తాడు, ఎదురుపడకుండా. "వదినె, గీసారి ఇద్దరం కలిసి ఇద్దామని అన్ననడుగు. అవ్వకు ఇద్దరం కొడుకులం గద" అన్నాడు.

ఆయనకు చెప్పాను, అన్నది అన్నట్టు. నా మీద కోపమో, తమ్ముడి మీద కోపమో, ఆయన నోటికొచ్చింది అన్నాడు.

"నేను సచ్చినా వాడు నా పాడె ముట్టొద్దని చెప్పు."

ఈ మాట ఆయన ఇదివరకు కూడా రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ నేను మింగేశాను. ఇవాళ బడిలో ఇంటర్వెల్ అయ్యాక, స్టాఫ్‌రూంలో ఎవరూ లేనప్పుడు పరశురాములుకు ఫోన్ చేసి చెప్పాను. గొంతు కూడా తగ్గించలేదు.

అవతల అతను పనిచేసే మరమగ్గాల మోత వినబడింది. "మంచిది వదినె" అన్నాడు.

ఇక వీళ్ళు ఈ జన్మలో కలవరు. తమ్ముడు ఒక్కనాడన్నా తప్పైందని అని ఉంటే వేరు.

సెప్టెంబర్ 19, గురువారం

పరశురాములు ఎన్నడూ తప్పైందని అనలేదని ఈ పుస్తకంలో రెండుచోట్ల రాశాను. ఎవరూ చూడని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నాను.

అన్నాడు. అత్తమ్మ పోయిన నెలకు.

అత్తమ్మ పోయింది మే నెల ఎండలో. ఆయన విమానం దిగి కారులో వస్తున్నాడు. ఇంకో రెండు గంటలు ఆగితే చేరేవాడు. పరశురాములు ఆగలేదు, చితికి నిప్పు పెట్టేశాడు. ఆయన వచ్చేసరికి పొగ తప్ప ఏమీ లేదు. అక్కడే తమ్ముడితో మాట తెగింది. దినాలు చేసి బహ్రెయిన్ వెళ్ళిపోయాడు. తర్వాత ఒక మధ్యాహ్నం పరశురాములు ఈ ఇంటికి వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా గడపలో నిలబడి ఏడ్చాడు.

"వదినె, అన్నకు చెప్పు. ఊరోళ్ళు ఇంక ఆగొద్దన్నరు. నేను ఎదురు చెప్పలేకపోయిన. తప్పు నాదే. అన్న కాళ్ళు మొక్కుత. నేను ఫోన్ జేస్తె ఎత్తుతలేడు. నువ్వు చెప్తె ఇంటడు."

చెప్తానన్నాను. చెప్పలేదు.

అత్తమ్మను చివరి నాలుగు నెలలు నేను చూశాను, ఈ కరీంనగర్ ఇంట్లో. స్నానం చేయించాను. పక్కబట్టలు ఉతికాను. బడికి సెలవు పెట్టి దవాఖానలకు తిప్పాను. దినాల నాడు వందమంది తింటుండగా పరశురాములు అన్నాడు, "పట్నం తీస్కపోయి మా అవ్వను సరిగ జూడకనే సంపిన్రు" అని. అలా అన్న మనిషి, నెల తిరక్కుండా నా గడపలో నిలబడి, నేనిచ్చిన నీళ్ళు తాగి, అన్న కాళ్ళు మొక్కుతానన్నాడు. నాకు ఒక్క మాట లేదు. నేను చెంబు కడిగి బోర్లించాను. ఆ మాటను కూడా దాని కిందే బోర్లించాను.

గీమె మోసిన మాట మోసినట్టు ఉండదని ఆయన అన్నది నిజమే. ఎంత నిజమో ఆయనకు తెలియదు. అందుకే నాకు అంత మండింది.

ఇంత రాశాక కూడా పరశురాములు మీద జాలి కలగడం లేదు.

సెప్టెంబర్ 22, ఆదివారం

పదింటికి తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే పరశురాములు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. చెప్పులు విడిచి, నన్ను దాటుకుని, నేరుగా ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"పాడె ముట్టొద్దన్నవట. మంచిది, ముట్ట. బతికుండంగనే వచ్చిన. నా మొఖం మీద అను అన్నా."

ఆయన లేవలేదు. చేతిలో పేపరు నలిగింది. "నీకు చెప్పేదేం లేదు. రెండు గంటలు ఆగకపోతివి."

"ఆగలే. తప్పు నాదే. ఆరేండ్ల కిందనే చెప్పి పంపిన, కాళ్ళు మొక్కుతనని. నువ్వు మాట మాత్రం పలుకకపోతివి."

"ఎవలతోని చెప్పి పంపినవ్?"

పరశురాములు నా వైపు చూశాడు. ఆయన కూడా చూశాడు.

మరిచిపోయాననవచ్చు. ఫోను సరిగా వినబడలేదనవచ్చు. ఇరవై రెండేళ్ళ అనుభవం, నాలుక మీద నాలుగు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి.

"చెప్పిండు. గీ గడపలనే నిలవడి చెప్పిండు. నేనే నీకు చెప్పలే" అన్నాను.

"మరిసిపోయినవా?"

"మరువలే. కావాలనే చెప్పలే."

అప్పుడు నా నోరు ఆగలేదు. పరశురాములు వైపు తిరిగాను. "అవ్వను సరిగ జూడకనే సంపిన్రన్నవ్. వందమంది ఇన్నరు. నాలుగు నెలలు ఆమె పియ్యి ఎత్తిన నేను. మీ అన్న కాళ్ళు మొక్కుతనని నా గడపల ఏడ్సినవ్ గని, వదినె తప్పైందని ఒక్క మాట అనకపోతివి. నీకు అన్నకాడ మాట పుట్టొద్దని అప్పుడే అనుకున్న."

"నేనన్ననా గట్ల? నాకు యాదికి లేదు వదినె."

వాళ్ళకు యాదికి ఉండదు. ఆయనకు గారెల రోజు నేను ఎత్తిపొడిచేదాకా యాదికి లేదు, ఈయనకు దినాల రోజు యాదికి లేదు. అన్నవాళ్ళు తిని చేతులు కడుక్కుంటారు.

ఆయన లేచాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చొక్కా వేసుకున్నాడు. "రా, బయట చాయ్ తాగొద్దాం" అన్నాడు తమ్ముడితో. ఇద్దరూ వెళ్ళిపోయారు. మా ఇంట్లో చాయ్ లేనట్టు.

సెప్టెంబర్ 23

మాట్లాడలేదు.

సెప్టెంబర్ 24

మాట్లాడలేదు. అన్నం తను పెట్టుకున్నాడు.

సెప్టెంబర్ 26

దీపికకు మొత్తం చెప్పాడు. అది ఫోన్ చేసింది. నేను అడిగాను, "నువ్వు బాపుకు ఏమన్న చెప్పరాదే" అని. "నేను చెప్పనమ్మా. మీ ముచ్చట మీరు మాట్లాడుకోండ్రి" అంది. నా బిడ్డ.

సెప్టెంబర్ 29, ఆదివారం

నేను వాళ్ళను విడగొట్టాలని మోసిన ప్రతి మాటా వాళ్ళను కలిపింది. కలపాలని మోసిన మాటలు విడగొట్టాయి. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక నిన్నంతా ఎనిమిదో తరగతి మీద తెచ్చుకున్నాను.

అక్టోబర్ 1

"రేపు ధర్మపురి బస్సు ఏడింటికి." తొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట. గోడతో అన్నట్టు అన్నాడు.

అక్టోబర్ 3, గురువారం

నిన్న జరిగింది నిన్న రాయలేకపోయాను.

వెళ్ళేటప్పుడు ఆయన బస్సులో వెనక కూర్చున్నాడు, నేను ముందు ఆడవాళ్ళ సీట్లో. ధర్మపురిలో నది నిండుగా ఉంది. మెట్ల మీద జనం. పరశురాములు ముందే వచ్చి చోటు పట్టాడు. అయ్యగారు పేర్లు అడిగితే ఇద్దరూ ఒకేసారి "యాదవ్వ" అన్నారు. బియ్యం, కూరగాయలు ఇద్దరి చేతుల మీదుగా వెళ్ళాయి. నేను వెనక నిలబడ్డాను.

తిరిగి మెట్లెక్కుతుంటే పరశురాములు నా పక్కకు వచ్చాడు.

"వదినె, మా ఇంటామెనడిగిన. నేను గట్లన్నది నిజమేనట. ఆమెకు మంచిగ యాదికున్నది. నువ్వు జూసినంత నేను జూడలే అవ్వను. గదే లోపల కుట్టి అన్న కావచ్చు. తప్పైంది."

ఆరేళ్ళు ఎదురుచూసిన మాట. వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "సరే తియ్" అన్నాను. కోపం దిగిపోలేదు. కానీ ఎక్కి కూర్చున్న చోటు నుంచి కొంచెం జరిగింది.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. ఎంగిలిపూల బతుకమ్మకు పుట్టిళ్ళకు వెళ్ళేవాళ్ళు, ఒళ్ళో తంగేడు పూల కట్టలు. ఇద్దరికి సరిపడే చోటు ఒకటే దొరికింది. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు, నేను పక్కన. కండక్టరు నాకు ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్టు, ఆయనకు మామూలు టికెట్టు కొట్టి వెళ్ళాడు. ఊరు దాటాక ఆయన అడిగాడు.

"గా రోజు పరశురాములు గడపల నిలవడి ఏమన్నడు? వాడు చెప్పింది గాదు. నువ్విన్నది చెప్పు."

చెప్పాను. మొదటి పదం నుంచి చివరి పదం దాకా. ఎక్కడ ఏడ్చాడో, ఎక్కడ ఆగాడో కూడా. ఆయన కిటికీ వైపు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ముందు సీట్లో ఒకావిడ మా వైపు చెవి పెట్టింది. పెట్టుకోనీ అనుకున్నాను.

"ఇంకేమన్న ఉన్నయా నీ దగ్గర ఆగినయి?"

"ఉన్నయి."

"వాళ్ళయి వీళ్ళయి గాదు. నీయి."

జగిత్యాల వచ్చేదాకా నోరు పెగల్లేదు. ఇంతమంది మాటలు మోశాను, నా మాట మొదలుపెట్టడం రాలేదు. బస్సు ఆగి, మళ్ళీ కదిలాక చెప్పాను.

"రాయమల్లు వాళ్ళ ముందట నువ్వు నన్నన్నది నాకు బాధైంది. ఒక్కదాన్ని ఉన్నప్పుడు అంటె గంత గాకపోవు. అందరు నవ్విన్రు. నువ్వు గూడ నవ్వినవ్."

"గప్పుడే అనొద్దా?"

"అనాల్సింది. అనలే. అందుకే గిదంత జేసిన."

ఆయన తలాడించాడు. ఒప్పుకున్నట్టా, లెక్క తేలినట్టా తెలియలేదు.

"మల్ల నీ చెయ్యి ఇరిగిన సంగతి? నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"నువ్వు బుగులు వడ్తవని."

"అయితే నువ్వు గూడ మాట మార్చినవ్ మరి. మంచిగున్న, మంచిగున్న అనుకుంట."

ఆయన ఆ చేతిని తడుముకున్నాడు. "ఆ. మార్చిన." కండువా భుజాన వేసుకుని, "గని నాకు నీ మీద కోపం పోలే. ఆరేండ్లు నా తమ్మున్ని నాకు లేకుంట జేసినవ్" అన్నాడు.

"నాకు గూడ పోలే" అన్నాను.

ముందు సీటావిడ వెనక్కి తిరిగి ఇద్దరినీ చూసి, మళ్ళీ ముందుకు తిరిగింది.

కరీంనగర్ బస్టాండులో దిగాము. ఆటోవాళ్ళు చుట్టుముట్టారు. ఆయన వాళ్ళను దాటుకుని వెళ్ళి, ప్లాట్‌ఫాం చివర ఖాళీగా ఉన్న బెంచీ చూపించాడు. "కూసో. ఇంటికి పోతె మల్ల నువ్వు వంటింట్ల జొరవడ్తవ్, నేను టీవీ వెట్టుకుంట."

కూర్చున్నాను. ఆయన పక్కన కూర్చున్నాడు.

"యాడికెల్లి చెప్పాలె?" అన్నాను.

"యాడ యాదికొస్తె ఆడికెల్లి."

పెళ్ళయిన మూడో నెల నుంచి మొదలుపెట్టాను. మొదటి మాట ఆయనకు నచ్చలేదు. ముఖం ముడుచుకున్నాడు. చేతులు కట్టుకున్నాడు. లేచి మాత్రం వెళ్ళలేదు.